జారింది

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
ఆధార్లు, మార్కుల లిస్టులు, పోయినేడాది నుంచి
విదేశాలకెళ్లే పిల్లల ప్రయాణ బీమా కూడా.
పాలసీకి నూట డెబ్భై నా కమీషను.

కరెంటు లేని మధ్యాహ్నం వచ్చింది తవిటమ్మ,
జీడి ఫ్యాక్టరీ నుంచి తిన్నగా.
చీర నిండా కాల్చిన పిక్కల వాసన,
సంచిలో మడతలు పడ్డ రష్యా భాష కాగితాలు.
"మా డిల్లీశ్వరి పడిపోనాది బాబూ.
మోకాలు ఆపరేసను సేసీసినారట.
మనం కట్టిన డబ్బులు ఇప్పుడైనా పనికొస్తాయేటి?"

చెల్లెలి కూతురు. బిష్కెక్‌లో డాక్టరు చదువు, మూడో ఏడు.
ఆ పాలసీ నేనే చేశాను. బాగా గుర్తు.
సాహస క్రీడల గడి దగ్గర ఆగి
ఇంకో పదకొండు వందలవుతుందన్నాను.
"కబడ్డీ కూడా ఆడను నాను" అని నవ్విందా గుంట.
తవిటమ్మ అప్పటికే కొంగుముడి విప్పుతోంది.
నేనే అన్నాను, ఎందుకులే, దండగ.

కరెంటొచ్చింది. ఫారం తెరిస్తే
ముందు తవిటమ్మ వేలిముద్ర అడిగింది.
కుడి బొటనవేలు. కాదు.
ఎడమది. కాదు.
కొబ్బరినూనె రాసి, తుడిచి, చూపుడువేలు.
మిషను ఎర్రగా కన్ను గీటింది.
పద్ధెనిమిదేళ్ల జీడితొక్క నూనె
గీతలన్నీ తినేసి ఊరుకుంది.
"ఈ ఏళ్లతోటే గదా బాబూ లెక్కెట్టి ఇచ్చినాను,
అప్పుడు అడగనేదేటి ముద్ర?"
చివరికి కనుపాప చూపించి గట్టెక్కాం.

తర్వాతి గడి: ప్రమాదం జరిగిన తీరు,
మూడు వరుసల్లో, ఇంగ్లీషులో.

వీడియో కలిపాం.
కాలు పైకి కట్టి ఉంది, తల దగ్గర టీ గ్లాసు.
ఎలా అయిందమ్మా?
"జారిపోనాను అన్నా, మంచు మీద."
రోడ్డు మీదా?
కాసేపు మాట లేదు.
"కాదన్నా. పార్కులో. కత్తుల బూట్లు అద్దెకిస్తారు.
అందరూ జారతన్నారని నానూ జారినాను.
రెండుసార్లు బాగానే జారినాను.
మూడోసారి జారిపోనాను."

మనకి ఒకటే మాట,
సరదాకీ అదే, దెబ్బకీ అదే.
ఇంగ్లీషుకి రెండున్నాయి.
ఒకటి రాస్తే నాలుగు లక్షల పాతికవేలు.
ఇంకొకటి రాస్తే ఇరవై మూడో పేజీ,
చీమ తలకాయంత అక్షరాల్లో మినహాయింపు.
ఆసుపత్రి కాగితం మీద ఫోను పెడితే
'మంచు పైన పతనం' అని ఊరుకుంది.
దానికీ తెగలేదేమో.

నేను లెక్కల్లో ఉండగా
తవిటమ్మ ఫోను లాక్కుంది.
"ఎలాగుంతాదే, జారితే?"
"బీల గట్టు మీంచి బ్రేకుల్లేని సైకిలు
దిగినట్టుంతాది పెద్దమ్మా."
"మరి బయమెయ్యనేదా?"
"ఎయ్యనేదు."
పళ్లన్నీ కనపడేలా నవ్వింది తవిటమ్మ.
ఆ మొహాన్ని పెద్దది చేసుకోబోయి
కాల్ కట్ చేసేసింది.

మొదటి వరుసలో మంచు రాశాను.
రెండో వరుసలో బూట్లు రాశాను.
మూడోది చాలాసేపు ఖాళీగా ఉంచి, రాశాను:
గడి నింపబోతే ఏజెంటు వద్దన్నాడు.
కింద నా కోడ్ నంబరు.
పంపాను.
ముప్ఫై పనిదినాల్లో తెలియజేస్తామంది.

"ఎంతైంది బాబూ?"
కాపీలకి పద్నాలుగు అన్నాను.
పదిహేనిచ్చి, చిల్లరకి నిలబడింది.

ఆ సాయంత్రం ఎవరి కాపీ తీసినా
మూల నల్లటి మచ్చ పడుతోంది.
మూత ఎత్తి చూస్తే అద్దం మీద బొటనవేలు,
ఒక్క గీతా లేదు.
స్పిరిట్ పోసినా పోలేదు.